ఇది బాపు సైకిలేనా?

అమ్మ నగ చెరిపించి కొత్త నగ చేయించుకోని ఆడపిల్ల మన ఇళ్లలో అరుదు. అమ్మమ్మ కాసులపేరు అమ్మకు చంద్రహారమవుతుంది, ఆ చంద్రహారం కూతురికి నల్లపూసల గొలుసవుతుంది. కంసాలి దాన్ని కొలిమిలో వేసేటప్పుడు ప్రాణం చివుక్కుమంటుంది గానీ, ఆ వెంటనే తరుగు ఎంత పోయింది, మజూరీ ఎంత అడుగుతాడు అన్న లెక్కల్లో పడిపోతాం. పదేళ్ల తర్వాత పేరంటంలో ఎవరైనా అడిగితే "మా అమ్మమ్మ బంగారమండీ" అని గొప్పగా చెప్పుకుంటాం. అది అబద్ధం కాదు. నిజమని గట్టిగా అనడానికీ లేదు. అమ్మమ్మ మెడలో ఉన్న వస్తువు మచ్చుకైనా మిగల్లేదు కదా!

బంగారం సంగతి ఎంతయినా సులువే. కరిగినా బంగారమే, తూకానికి నిలుస్తుంది. ఇనుముతోనే వస్తుంది చిక్కంతా. పాత ఇనుప వస్తువును బాగుచేయడమంటే ఒక ముక్క తీసి అవతల పెట్టి, దాని చోట కొత్త ముక్క బిగించడం. అలా ఎన్ని ముక్కలు మారేదాకా అది పాత వస్తువు? ఏ ముక్క దగ్గర కొత్తదైపోతుంది? ఈ ప్రశ్న ఆర్నెల్లుగా నన్ను పట్టుకు పీడిస్తోంది. కారణం మా బాపు సైకిలు. మా వైపు నాన్నను బాపు అంటాం.

మాది గోలేటి. రెబ్బెన మండలం. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. సింగరేణి టౌన్‌షిప్. బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. గని అనే మాట మాకు కాగితాల మీద ఉంటుంది, నోట్లో ఉండేది బాయే. 1972లో, ఇంకా బెల్లంపల్లిలో ఉన్నప్పుడు, ఊరు విడిచి వెళ్తున్న ఒక సర్వేయరుగారి దగ్గర ఆ సైకిలు కొన్నాడట, వాయిదాల మీద. ఇంగ్లండు ర్యాలీ. ముందు భాగాన కొంగ తల బొమ్మ ఉన్న బిళ్ల, కడ్డీ బ్రేకులు, నిండా కప్పిన చైను కవరు, నల్లరంగు. దాని మీదే మొదటి షిఫ్టుకు పోయాడు, రెండో షిఫ్టు నుంచి రాత్రి పదకొండు దాటాక వచ్చాడు, 2008లో రిటైరయ్యాడు. ఆ తర్వాత కూడా కూరగాయలకు దాన్నే తీసేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. సైకిలు మా క్వార్టరు వెనక సపోటా చెట్టు కింద పాలిథీను కప్పుకుని నిలబడింది.

అన్న హైదరాబాదులో ఉంటాడు. మావారి ఉద్యోగం ఇక్కడే గనక అమ్మ, సైకిలు నా దగ్గర ఉన్నాయి. ఈ మధ్య నేనొక చిన్న స్కూల్లో చెప్తున్నాను. ఆటోకు రోజూ చిల్లర వెతుక్కునే బదులు బాపు సైకిలు బాగుచేయించి తొక్కితే పోలా అనిపించింది. బాపు పొడుగు అన్నకు రాలేదు, నాకొచ్చింది. కాళ్లు అందుతాయి.

మార్కెట్ దగ్గర సైకిలు షాపు తాతకు చూపించాను. "ఓవరాయిలింగ్ చేయాలె" అన్నాడు. ఓవర్‌హాలింగ్ అనాలట సరైన మాట. అయితే ఏం, నూనె పోస్తారు కనక మన మాటే సబబుగా ఉంది! కిరసనాయిల్లో నానబెట్టి, రెండు రోజులు సుత్తితో బతిమాలితే గానీ పెడల్ కడ్డీల కాటర్ పిన్నులు ఊడిరాలేదు. లోపల చూశాక తాత మొహం విప్పారింది. "గిది మామూలు సైకిలు గాదు బిడ్డా. మర సూడు" అన్నాడు. నాకేం కనబడుతుంది! తర్వాత తెలిసింది. నాటింగ్‌హామ్ ర్యాలీలో పెడల్ ఇరుసు గిన్నెలకు అంగుళానికి 26 చుట్ల మర ఉంటుంది. లోకంలో ఎక్కువ సైకిళ్లకు 24. అంచేత ఇప్పుడు బజార్లో దొరికే లూధియానా గిన్నెలు దానికి పట్టవు. అదృష్టం కొద్దీ పాత గిన్నెలు చెక్కుచెదరలేదు. పక్కకు 11 చొప్పున 22 పావంగుళం గోలీలు కొత్తవి వేసి, గ్రీజు దట్టించి మూసేశాడు.

ఆ కంపెనీ సంగతి చదివితే మనసు అదోలా అయింది. నాటింగ్‌హామ్ చుట్టూ కూడా మాలాగే బొగ్గుబాయిలేనట. ర్యాలీ వాళ్లు అక్కడ సైకిళ్లు చేయడం 2002లో మానేశారు. ఆ జిల్లాలో చివరి బాయి థోర్స్‌బీని 2015లో మూసేశారు. బొగ్గు ఊళ్లో పుట్టిన సైకిలు మరో బొగ్గు ఊరు చేరి, పుట్టింటి కంటే ఎక్కువ కాలం బతికిందన్నమాట.

గిన్నెలు నిలిచాయి గానీ తక్కినవి అంత నికరంగా లేవు. రిమ్ముల లోపలి అంచును తుప్పు తినేసింది. కడ్డీ బ్రేకుల రబ్బర్లు ఆనేది సరిగ్గా అక్కడే. మా రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు తిరుగుతాయి, బ్రేకు విషయంలో సెంటిమెంటు పనికిరాదు. రిమ్ములు కొత్తవి వేయించాను. రిమ్ముతోపాటు చువ్వలూ మారాయి, ముందు 32, వెనక 40. టైర్లు, ట్యూబులు సరేసరి. ఆ 28 అంగుళాల సైజు మన దేశంలో ఇంకా దొరుకుతూనే ఉంది. డైనమో బదులు ఛార్జింగ్ లైటు. చైను, పెడళ్లు, చివరికి సీటు కూడా.

సీటు దగ్గర మాత్రం ఒక పూటంతా తటపటాయించాను. తోలు సీటు అది. తోలు సీటుకు ఒక గుణం ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ తన మీద కూర్చున్న మనిషి ఆకారానికి లొంగిపోతుంది. అది బాపు కూర్చున్న గుంట. అందులో నేను ఇమడలేదు. నాలుగు రోజులు తొక్కేసరికి నడుం పట్టేసింది.

రంగు విషయంలో తాతకూ నాకూ పేచీ వచ్చింది. మొత్తం గీకి నిగనిగలాడే నలుపు కొడతానంటాడు. నేను ససేమిరా అన్నాను. హ్యాండిలుకు ఎడమవైపు రంగు పోయి తెల్లగా తేలిన చోటుంది. ముప్పయ్యారేళ్లు టిఫిన్ డబ్బా సంచీ ఊగీ ఊగీ రాసుకున్న చోటు. తుప్పు పట్టిన మేరకే గీకించి రంగు పూయించాను. ఆ చోటు జోలికి పోనివ్వలేదు.

ఇరుగుపొరుగు సలహాలు వేరే. "ముందుకడ్డీ కోయించి లేడీస్ సైకిలు చేయించుకోరాదూ?" అన్నది పక్క క్వార్టరావిడ. తాత చెవులు మూసుకున్నంత పని చేశాడు. ఆ కడ్డీ తీసేస్తే ఫ్రేము నడుం విరుగుతుందట. త్రికోణాల బిగువు మీదే సైకిలు నిలబడేది. సరే, కడ్డీ ఉంచి నేనే చీర మానేసి పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. అన్నట్టు 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్న సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. కొందరైతే ఆ ముందుకడ్డీ సైకిలే నయమన్నారట, పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని! మనం అడ్డు అనుకున్నదాన్ని వాళ్లు ఆసనం చేసుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఫోన్లో ఫొటో పంపాను. అన్న నుంచి రెండు నిమిషాల్లో ఫోను. "పాతవి పారెయ్యలేదు కదా చెల్లె?" లేదన్నాను. వచ్చే ఆదివారమే దిగాడు. పాత రిమ్ములు, వంకరపోయిన చువ్వలు, సీటు, పెడళ్లు, డైనమో అన్నీ గోనెసంచీలో వేసి మూతి కట్టాడు. తర్వాత మెల్లగా అసలు మాట బయటపెట్టాడు. "ఫ్రేము నాకిచ్చెయ్. ఇవన్నీ మళ్లీ బిగించి హాల్లో గోడకు పెట్టుకుంటా. నీకు మంచి కొత్త లేడీస్ సైకిలు కొనిస్తా. నీ పనీ అవుతుంది, బాపు సైకిలూ మిగులుతుంది."

అన్యాయమైన మాట కాదది. నా అవసరం సైకిలే అయితే, కొత్తది తేలిక, గేర్లుంటాయి, కడ్డీ ఉండదు. మరి నేనెందుకు ఒప్పుకోలేదు?

ఈ చిక్కు మనకు ముందే పెద్దపెద్ద వాళ్లకు వచ్చింది. గ్రీకు వీరుడు థీసియస్ ఓడను ఏథెన్సు వాళ్లు దాచుకున్నారట. పుచ్చిన పలకల్లా తీసి కొత్త పలక వేస్తూ పోయారు. అది అదే ఓడా, కాదా అని తత్త్వవేత్తలు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు. పదిహేడో శతాబ్దంలో హాబ్స్ అనే ఇంగ్లీషాయన ఇంకో మెలిక పెట్టాడు. ఆ తీసేసిన పాత పలకలన్నీ ఎవరో పోగుచేసి మళ్లీ ఓడ కడితే, రెండింట్లో థీసియస్ ఓడ ఏదీ అని. మా అన్న హాబ్సును చదివి ఉండడు, కానీ గోనెసంచీ మాత్రం కచ్చితంగా అదే! మన దేశంలో నాగసేనుడనే భిక్షువు మిలిందుడనే రాజును ఇలాగే నిలబెట్టి అడిగాడు. నువ్వెక్కి వచ్చిన రథం ఇరుసా, చక్రమా, నొగా అని. ఏదీ కాదు. అన్నీ కలిసినప్పుడు మనం పెట్టుకునే పేరే రథం అని తేల్చాడు.

నాగసేనుడి మాట బుద్ధికి నచ్చుతుంది, మనసుకు ఆనదు. పేరే అయితే మా అన్నాచెల్లెళ్లకు ఆ పేరు మీద ఇంత పట్టుదల ఎందుకు? నాకు పూరీ జగన్నాథుడి పద్ధతి దగ్గరగా తోచింది. ఆషాఢానికి అధికమాసం వచ్చిన ఏడు అక్కడ నవకళేబరం జరుపుతారు. ఈ మధ్య 2015లో జరిగింది. వేపదారువుతో కొత్త మూర్తులు చెక్కి, పాత మూర్తులను భూమిలో పెడతారు. బ్రహ్మపదార్థం ఒక్కటే పాతదానిలోంచి కొత్తదానిలోకి మారుతుంది. మార్చే సేవకుల కళ్లకు గంతలు కడతారు. అదేమిటో చూసినవాళ్లు లేరు.

మా సైకిలు బ్రహ్మపదార్థం ఎక్కడుంది? అన్నకు ముందుకడ్డీలో ఉంది. చిన్నప్పుడు దానికి తుండుగుడ్డ చుట్టి వాణ్ని కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయేవాడు బాపు. నాకు శబ్దంలో ఉంది. రెండో షిఫ్టు దిగి వస్తుంటే సందు మొదట్లో డైనమో గీర్‌మనే చప్పుడు, తర్వాత స్టాండు వేసిన చప్పుడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ నిజంగా నిద్ర పట్టేది కాదు. బాయి నుంచి మనిషి ఇంటికి చేరడమంటే ఏమిటో మా కాలనీల్లో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఆ డైనమోను నేనే తీసి సంచీలో వేశాను, ఛార్జింగ్ లైటు నయమని.

అమ్మను అడిగితే ముందు నవ్వింది. "మీ బాపు కొన్నప్పుడే అది పాతది. ఆ సర్వేయరు సారు ఏమేం మార్చిండో ఎవలకెరుక? ఈయన నాలుగు చైన్లు మార్చిండు. టైర్లకు లెక్కే లేదు. ఒక యాడాది కుడి పెడల్ ఒక కంపెనీది, ఎడమ పెడల్ ఒక కంపెనీది." అంతా చెప్పి చివర్లో, "ఏదన్న మార్చుకో బిడ్డా, క్యారియర్ జోలికి పోకు" అంది. ముప్పయ్యేళ్లు అమ్మ కూర్చున్నది దాని మీదే. ఆసుపత్రికి, సినిమాకు, సమ్మక్క జాతర బస్సు ఎక్కడానికి. బాపు సైకిలు ఎవరికివ్వాలని మేమిద్దరం తగువులాడుతున్నాం గానీ, దాని మీద అమ్మకొక హక్కుందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

అన్నట్టు, ఇంటిపేరు మారి, గోత్రం మారి, ఇల్లూ వాకిలీ మారి, చివరికి కొన్నిచోట్ల పెట్టిన పేరు కూడా మారిన ఆడదాన్ని చూసి "ఈవిడ ఆవిడేనా?" అని ఏ తత్త్వవేత్త అయినా తల పట్టుకున్నాడా? ఓడల గురించి మాత్రం రెండువేల ఏళ్లుగా కొట్టుకుంటున్నారు.

అసలు ముడి ఇవేవీ కావు, ఫ్రీవీలు. వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం అది. బాపు సైకిలుకు ముందు 48 పళ్లు, వెనక 18. అంటే పెడల్ ఒక్కసారి తిప్పితే చక్రం రెండు ముప్పాతిక చుట్లకు కాస్త తక్కువగా తిరిగి బండి దాదాపు ఆరు మీటర్లు పోతుంది. చదునులో బాగుంటుంది. మా టౌన్‌షిప్‌లోకి వచ్చేటప్పుడు ఒక చిన్న ఎత్తుంది. నా చిన్నతనంలో బాపు రోజూ అక్కడ దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడు. ఎందుకో మేమెప్పుడూ అడగలేదు. మొదటి వారం నేను పాత ఫ్రీవీలుతోనే తొక్కాను. సరిగ్గా ఆ ఎత్తు సగంలో మోకాళ్లు మొరాయించాయి. దిగాను. ఎనిమిది గంటలు బాయిలో పనిచేసి, అంత దూరం తొక్కి వచ్చిన మనిషికి అక్కడ కాళ్లలో ఏం మిగిలి ఉండేదో అప్పుడు తెలిసింది. బాపు గురించి ఇంత సంగతి నాకు ఏ ఫొటో చెప్పలేదు. గోడకు పెట్టిన సైకిలూ చెప్పేది కాదు.

తాత 22 పళ్ల ఫ్రీవీలు వేశాడు. ఇప్పుడు ఒక్క తిప్పుకు అయిదు మీటర్లకు లోపే పోతుంది, ఆ మేరకు కాలికి భారం తగ్గుతుంది. ఎత్తు దగ్గర నేను దిగడం లేదు.

అన్న పట్టుకున్నది దీన్నే. "ఆ పద్దెనిమిది పళ్లే చెల్లె బాపు కష్టం. అది తీసేసినంక ఇంక ఏముంది?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నిజమే. నాకు బాపు కాళ్ల నొప్పి చెప్పింది ఆ ఫ్రీవీలే. దాన్ని తీసేసి నా కూతురికి ఆ సంగతి తెలిసే దారి మూసేశాను. రేపు అది ఇదే సైకిలెక్కి ఆ ఎత్తు హాయిగా ఎక్కేస్తుంది. తాత ఎందుకు దిగేవాడో దానికి ఎవరైనా నోటితో చెప్పాల్సిందే.

అయితే మన వంటిళ్ల సంగతి తీసుకోండి. అమ్మ కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం ఊది ఊది కళ్లు పోగొట్టుకుంది. ఆ కష్టం మీద గౌరవం కొద్దీ గ్యాసు వద్దన్నవాళ్లున్నారా? రోలు వాకిట్లో ముగ్గేసి ఉంచుకుంటాం, పండక్కి పసుపు రాస్తాం. పప్పు రుబ్బేది మాత్రం గ్రైండరు. పడ్డ కష్టాన్ని గుర్తుంచుకోవడం వేరు, దాన్ని వాడుకలో ఉంచడం వేరు. మగవాళ్ల కష్టానికి స్మారకాలు కడతాం, ఆడవాళ్ల కష్టానికి మాత్రం "ఇప్పటి వాళ్లకు సుఖం మరిగింది" అని సన్నాయినొక్కులు నొక్కుతాం. అది వేరే కథ. బాపుకు 22 పళ్లది దొరికి ఉంటే వేయించుకునేవాడా అని అమ్మనడిగాను. "ఎందుకేసుకోడు? ఆయనకేమన్న మొక్కా!" అంది.

ఏథెన్సు ఓడ గురించి ఒక ముక్క నేను దాచాను. ఆ ఓడ ఊరికే పాకలో కట్టేసి ఉన్నది కాదు. థీసియస్ ఎక్కి వెళ్లిన ఓడ అని చెప్పుకునే దాన్నే ఏటేటా డెలోస్ యాత్రకు పంపేవారనీ, అది తిరిగి వచ్చేదాకా నగరంలో ఎవరికీ మరణశిక్ష అమలు చేయకూడదనీ, అందువల్లనే సోక్రటీసు తీర్పు తర్వాత కూడా కొన్నాళ్లు బతికాడనీ ప్లేటో 'ఫీడో'లో రాశాడు. నడిచే ఓడ కాబట్టి దాని రాకపోకల మీద ఒక మనిషి రోజులు ఆధారపడ్డాయి. పలక మార్చకుండా దాచుకుని ఉంటే అది ఆ పని చేసేదా?

ఇది అన్నకు చెప్పాను. "నువ్వు టీచరమ్మవి, నీకేం, నాలుగు చెప్తావు" అన్నాడు. సంచీ మాత్రం తీసుకుపోయాడు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే బాపు ఎక్కువగా ఉన్నది ఆ సీట్లోనే. అది గోడ మీదే ఉండాలి, ఇంకెవరూ దాని మీద కూర్చోకూడదు. ఫ్రేము ఇవ్వలేదు. క్యారియర్ మార్చలేదు. డైనమో మాత్రం సంచీలోంచి వెనక్కి తీసుకున్నాను. బల్బు లేకుండా, ఉత్తినే తిరిగేలా బిగించమంటే షాపు తాత నన్ను ఎగాదిగా చూశాడు. తొక్కడానికి కాస్త బరువే. అమ్మ పగటిపూట నిద్రలో ఉన్నా ఆ చప్పుడుకు లేచి కూర్చుంటుంది.

దసరాకు అన్న వచ్చాడు. పాలపిట్టను చూసి వచ్చాక, ఎవరికీ చెప్పకుండా సైకిలు తీసి మార్కెట్ దాకా పోయొచ్చాడు. ఎలా ఉందని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. మర్నాడు స్కూలుకు బయల్దేరబోతే సీటు రెండంగుళాలు కిందికి దిగి ఉంది. పానా తెచ్చి పైకెత్తి బిగించుకుని వెళ్లాను.